పదేళ్ళ పిల్లల నవల: కథలో గొంతు నాదా, పిల్లదా? రెండో డ్రాఫ్టు దగ్గర ఆగిపోయాను

తునికాకు:

అందరికీ నమస్కారం. పది నుంచి పన్నెండేళ్ళ పిల్లల కోసం చిన్న నవల ఒకటి రాస్తున్నాను. నిజామాబాద్ వైపు పల్లె. ఆరో తరగతి చదివే రజిత, బీడీలు చేసే వాళ్ళమ్మ లక్ష్మి. ఆ రోజు వెయ్యి బీడీలు పొద్దుండగానే అయిపోతే సైకిల్ నేర్పిస్తానంటుంది అమ్మ. అమ్మ నీళ్ళకు పోయినప్పుడు రజిత ఎవరికీ చెప్పకుండా కొన్ని బీడీలు చుట్టి, కట్టలు కట్టి, అమ్మ కట్టల్లో కలిపేస్తుంది. కార్ఖానాలో సేటు సరిగ్గా ఆ కట్టలే పక్కకు తీసేస్తాడు. అక్కణ్ణుంచి కథ నడుస్తుంది.

మొదటి డ్రాఫ్టు ఇలా మొదలైంది:

"రజిత పేద కుటుంబంలో పుట్టిన తెలివైన అమ్మాయి. ఆమె తల్లి లక్ష్మి రోజంతా బీడీలు చుడుతూ ఎంతో కష్టపడి కుటుంబాన్ని పోషించేది. తల్లి పడే కష్టాన్ని చూసి రజిత చిన్ని హృదయం ద్రవించిపోయేది."

చదివిన ఒక స్నేహితురాలు "పాఠంలా ఉంది, పిల్లే మాట్లాడేలా మార్చు" అంది. మార్చాను:

"నా పేరు రజిత. మా అమ్మ పొద్దుగాల లేసి బీడీలు చేస్తది. గామె వేళ్ళు గిట్ల గిట్ల మస్తు జోరుగ తిరుగుతయి. గది జూస్తె శ్రమ విలువ ఏందో నాకు ఎరుకైంది."

ఇప్పుడు ఇంకో ఆమె "యాస బాగుంది గానీ ఇదీ పాఠంలాగే ఉంది" అంటోంది. ఏం చెయ్యాలో తోచడం లేదు. మీరు చెప్పండి.

చింతచిగురు:

రెండోదే నయం. కానీ "శ్రమ విలువ" దగ్గర నాకు నవ్వొచ్చింది, ఏమీ అనుకోవద్దు. ఆరో తరగతి పిల్ల ఆ మాట అంటే పక్కన హెడ్‌మాస్టర్ నిలబడి ఉన్నట్టే.

ఎర్రపెన్ను:

పిల్లల పుస్తకాల రాతప్రతులు దిద్దే పని నాది, అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను. ఓపిక పట్టండి.

తునికాకు గారూ, మీ రెండు డ్రాఫ్టుల్లో మారింది క్రియల చివరలు మాత్రమే. "చుడుతూ పోషించేది" పోయి "చేస్తది" వచ్చింది. చూస్తున్న మనిషి మాత్రం మారలేదు. రెండింట్లోనూ వాకిలి బయట ఒక పెద్దమనిషి నిలబడి, లోపల తల్లీకూతుళ్ళను చూసి జాలిపడుతున్నాడు. మొదటిసారి పుస్తకాల భాషలో జాలిపడ్డాడు, రెండోసారి యాసలో.

బీడీల ఇంట్లో పుట్టిన పిల్లకు అమ్మ వేళ్ళు జోరుగా తిరగడం వింతా? పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. ఆమె కంటికి అది ఆనదు. ఆనేవి వేరే ఉంటాయి. ఇవ్వాళ ఆకు సరిగ్గా నానలేదు, పెళుసుగా ఉంది, అమ్మ విసుక్కుంటోంది, కాబట్టి ఇప్పుడు సైకిల్ మాట ఎత్తకూడదు. ఇది ఆ ఇంటి పిల్లకే తెలుస్తుంది. కత్తెర తన దగ్గరుంటే తమ్ముడు దారపు ఉండ ఎత్తుకుపోయాడా లేదా, చాటలో తంబాకు ఎంత మిగిలింది, ఇంకెన్ని కట్టలైతే ఈ పని తెములుతుంది, ఇవన్నీ ఆమె లెక్కలు. ఆ లెక్కలు రాయండి, గొంతు దానంతట అదే పలుకుతుంది. అప్పుడు యాసలో రాసినా మామూలు భాషలో రాసినా అది రజితే అవుతుంది.

ఇంకొకటి. మీ కథకు ప్రాణం ఎక్కడుందో మీరే పైన చెప్పేశారు: ఆ కట్టలు చుట్టింది తనే అని రజితకు తెలుసు, అమ్మకు తెలియదు. పిల్లల కథకు ఇంతకన్నా మంచి సరుకు దొరకదు. అలాంటిది పెట్టుకుని పేద కుటుంబం, తెలివైన అమ్మాయి అని మొదలుపెడతారేం? కార్ఖానా గుమ్మం దగ్గర మొదలుపెట్టండి.

కృష్ణాతీరం:

ఎర్రపెన్ను గారితో సగమే ఏకీభవిస్తాను. పిల్లల కథ అంటే పిల్లే చెప్పాలని ఎవరు పెట్టారండీ ఈ రూలు? చందమామ 1947 జూలైలో మొదలైంది. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని నడిపించారు. ఆ కథల్లో ఏ పిల్లా "నేను" అని చెప్పదు. "ఒక ఊళ్ళో ఒక రైతు ఉండేవాడు" అంటూ ఎవరో చెప్తూ ఉంటారు, మనం వింటాం. రెండు మూడు తరాలు అలా పెరిగాయి. అదీ గొంతే కదా!

ఎర్రపెన్ను:

గొంతే, అందులోనూ చాలా గట్టి గొంతు. చందమామ కథ చెప్పే మనిషి వాక్యాన్ని సాగదియ్యడు, బోలెడు విశేషణాలు పోగెయ్యడు, ఎవరినీ చూసి జాలిపడడు. రైతు మోసపోతే మోసపోయాడంటాడు, ముందుకు పోతాడు. తునికాకు గారి మొదటి డ్రాఫ్టులో ఉన్నది ఆ మనిషి కాడు. "చిన్ని హృదయం ద్రవించిపోయేది" అని చందమామలో పడనిచ్చేవారా? కథకుడిగా చెప్పదలచుకుంటే అలా పొడిగా, చురుగ్గా చెప్పండి, నాకేమీ అభ్యంతరం లేదు. అది కుదరడం "నేను" అని రాయడం కన్నా కష్టమని మాత్రం నా అనుభవం.

రెంటికీ మధ్య దారి కూడా ఉంది. తెలుగులో రైలుబడిగా వచ్చిన తొత్తోచాన్ కథ 1981 నాటి జపాను పుస్తకం. తెత్సుకో కురోయనాగి రాసుకున్నది తన చిన్నతనమే, అయినా "నేను" అనదు, తొత్తోచాన్ అలా చేసింది, ఇలా అంది అంటూ పోతుంది. మధ్యమధ్యలో అమ్మ వైపో, టీచర్ల వైపో జరిగినా, చూపు చాలావరకు ఆ పిల్లనే అంటిపెట్టుకుని ఉంటుంది.

సీమరేగు:

అయ్యలారా, యాసను అంత తేలిగ్గా పక్కన పెట్టేస్తే ఎట్లా? నామిని సుబ్రమణ్యం నాయుడు "పచ్చనాకు సాక్షిగా" చిత్తూరు జిల్లా పల్లె మాటలో కాక పుస్తకాల తెలుగులో రాసుంటే అందులో ఏం మిగిలేది? తునికాకక్కా, నువ్వు యాస వదలొద్దు. ఆ పిల్లోళ్ళు తమ మాట అచ్చులో చూసుకునేది ఎప్పుడు? పాఠ్యపుస్తకంలో ఉండదు, టీవీలో ఉంటే నవ్వించడానికే ఉంటుంది.

ఎర్రపెన్ను:

సీమరేగు గారూ, వదలమనలేదు, యాస ఒక్కటే చాలదన్నాను. పైగా మీరు చెప్పిన పుస్తకం గురించి ఒక మాట. అది పిల్లవాడి గొంతే, కానీ చదివి కళ్ళు తుడుచుకున్నదీ పడి పడి నవ్వుకున్నదీ ఎక్కువగా పెద్దవాళ్ళు. ముళ్ళపూడి వారి బుడుగూ అంతే. వాడు అమాయకంగా అనే మాటకు మనం నవ్వుతాం, ఎందుకంటే వాడికి తెలియంది మనకు తెలుసు. పదేళ్ళ పాఠకుడికి ఆ ఎత్తు ఉండదు. అతను రజిత భుజం పక్కనే నిలబడి చూస్తుంటాడు. రజితకు తెలియకుండా అతనితో కన్నుగీటితే అర్థం కాదు, అర్థమైతే రజితను ఎగతాళి చేస్తున్నారని ఒళ్ళు మండుతుంది. పిల్లల గొంతుతో పెద్దలకు రాయడం ఒక పని, పిల్లలకు రాయడం ఇంకో పని. రాసేవాళ్ళు ఇక్కడే ఎక్కువ తడబడతారు.

సీమరేగు:

ఊఁ. ఈ మాట ఒప్పుకుంటా.

డల్లాస్_నాన్న:

మా పాప వయసు పదకొండు. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, వారాంతపు తెలుగు బడికి వెళ్తుంది, కూడబలుక్కుని చదువుతుంది. మేం గుంటూరు వాళ్ళం. తునికాకు గారి రెండు పేరాలూ ఆమెకు చదివి వినిపించాను. మొదటిది వినగానే "ద్రవించడం అంటే?" అంది, చెప్పేలోపే ఫోన్ తీసింది. రెండోదానికి "లేసి" దగ్గర ఆగింది, "లేచినా?" అని తనే అనుకుని ముందుకు పోయింది. "గామె" అంటే ఆమె అని కూడా నేను చెప్పక్కర్లేకపోయింది. చెవికి దగ్గరగా ఉన్న యాస కన్నా, ఎవరూ మాట్లాడని పుస్తకాల భాషే ఆమెకు అడ్డం పడింది.

ఆమెకు అస్సలు అందనిది బీడీ. అంటే ఏంటో చూడలేదు. "సిగరెట్ లాంటిదా? స్కూల్ బుక్‌లో సిగరెట్ ఎందుకు ఉంది?" అని అడిగింది.

కృష్ణాతీరం:

అదిగో, నేనూ అదే అడుగుదామనుకున్నాను. పిల్లల పుస్తకంలో బీడీలేంటండీ? పైగా ఆరో తరగతి పిల్ల చుట్టడం! ఏ లైబ్రరీ తీసుకుంటుంది?

తునికాకు:

కృష్ణాతీరం గారూ, మా వైపు ఎన్నో ఇళ్ళల్లో పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఎదురుగా కనిపించేది చాటే. ఆ పిల్లలు చదివే పుస్తకంలో చాట ఉండకూడదంటే వాళ్ళ ఇల్లే ఉండకూడదన్నట్టు. రజిత చుట్టడం మంచిపని అని నేను ఎక్కడా అనడం లేదు. అమ్మ వద్దంటుంది కాబట్టే కదా దొంగతనంగా చుట్టింది.

డల్లాస్_నాన్న గారూ, పాపకు థాంక్స్ చెప్పండి. బీడీ అంటే ఏంటో కింద ఫుట్‌నోట్ ఇవ్వనా?

ఎర్రపెన్ను:

ఫుట్‌నోట్ వద్దు, పని చూపించండి. బీడీ చుట్టే తునికాకును రాత్రి నీళ్ళల్లో తడపడం, తడి గోనెసంచిలో చుట్టి పెట్టడం, పొద్దున రేకు కొలత పెట్టి కత్తిరించడం, చిటికెడు తంబాకు పోసి చుట్టి, కొస మడిచి, దారం కట్టడం. రజిత దొంగతనంగా చుట్టే చోట ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి, చేతులు వణుకుతూ, గుమ్మం వైపు చూసుకుంటూ జరగాలి. అప్పుడు డల్లాస్‌లో ఉన్న పాపకు వస్తువు తెలుస్తుంది, మీ ఊరి పిల్లకు టెన్షన్ తెలుస్తుంది. తంబాకు తక్కువ పోసింది కాబట్టి బీడీ మెత్తగా వచ్చింది, మెత్తగా వచ్చింది కాబట్టి సేటు వేలికి దొరికిపోయింది. మీ ప్లాటు మొత్తం ఆ చిటికెడు తంబాకు మీద ఆధారపడి ఉంది, అదేమో మీ డ్రాఫ్టులో లేనే లేదు.

పాతబడి_పంతులు:

ఆలస్యంగా వచ్చాను. ప్రభుత్వ బడిలో ఆరు, ఏడు తరగతులకు తెలుగు చెప్తాను. రాసినవాటిని పిల్లల మీద పరీక్షించడం గురించి ఒక సంగతి చెప్తాను, పనికొస్తుందేమో చూడండి.

చదివి వినిపించి "ఎలా ఉందిరా?" అని అడక్కండి. "బాగుంది సార్" అని అందరూ ఒక్క గొంతుతో అంటారు. రాసింది మీరేనని తెలిస్తే చప్పట్లు కూడా కొడతారు. అది లెక్కలోకి రాదు. నేనేం చేస్తానంటే, ఇవ్వాళ చదివి ఊరుకుంటాను. మర్నాడు నిన్న బడికి రానివాణ్ణి ముందు కూర్చోబెట్టి, "వీడికి కథ చెప్పండ్రా" అంటాను. నలుగురైదుగురు పోటీపడి చెప్తారు. వాళ్ళు చెప్పకుండా వదిలేసిన భాగం ఏదో అదే మీరు కొట్టెయ్యాల్సిన భాగం. ఇద్దరు పోట్లాడుకుని "అట్ల కాదురా, ముందు తాళంచెవి దొరికింది" అని గొడవపడిన చోటు మాత్రం బంగారం, దాన్ని ముట్టుకోవద్దు. లేదా అక్కడ మీ వరసలో తేడా ఉంది, సరిచూసుకోండి.

తాతయ్య వచ్చి అరపేజీ నీతి చెప్పే కథలు నేను చాలా చదివి వినిపించాను. మర్నాడు తిరిగి చెప్పేటప్పుడు ఏ పిల్లాడూ తాతయ్య పేరే ఎత్తలేదు.

కృష్ణాతీరం:

మాస్టారూ, తాతయ్యలు నిజంగానే నీతులు చెప్తారండీ. మా తాత గంటసేపు చెప్పేవాడు. అది రాస్తే అసహజం ఎలా అవుతుంది? పైగా చాలా పత్రికలు నీతి లేకపోతే కథ తిప్పి పంపుతాయి.

చింతచిగురు:

చెప్పనివ్వండి, తాతను ఎవరు ఆపారు? ఆ గంటసేపూ మీరు ఏం చేసేవారు? తాత పన్ను ఊగడం చూస్తూనో, జామచెట్టు మీద ఉడత ఎటు పోయిందా అనుకుంటూనో కూర్చునుంటారు. అది రాయండి. నీతి ఒక చెవిలో పోతూ ఉంటుంది, పిల్ల బుర్ర ఇంకెక్కడో ఉంటుంది. పత్రికవాళ్ళకు నీతీ దొరుకుతుంది, పిల్లలకు ఉడతా దొరుకుతుంది.

పాతబడి_పంతులు:

ఇది రేపే క్లాసులో రాయిస్తాను.

చింతచిగురు:

రాయించండి మాస్టారూ. తునికాకు అక్కా, ఎవరూ అడగని మాట ఒకటి అడుగుతున్నా. ఇప్పటి ఆరో తరగతిలో రజిత అనే పిల్ల ఉందా? లక్ష్మి అనే అమ్మ ఉందా? నాకు తెలిసిన రజితలందరూ ముప్ఫై దాటినవాళ్ళే. లక్ష్మి మా అమ్మమ్మ. నువ్వు చదువుకున్న రోజుల్లో నీ పక్క బెంచీ పిల్ల రజిత అయ్యుంటుంది! ఇప్పటి కథే అయితే అమ్మకు రజిత అని పెట్టు. నీ చిన్ననాటి కథ అయితే ఆ కాలం అని తెలిసేలా రాయి, అప్పుడు ఊళ్ళో సెల్‌ఫోన్లు ఉండకూడదు.

తునికాకు:

ఇప్పటి కథే. తమ్ముడు ఫోన్‌లో గేమ్ ఆడుతుంటాడు కూడా. పక్క బెంచీ పిల్ల సంగతి ఎలా కనిపెట్టావు నువ్వు!

అయితే ఇప్పుడు నా ప్రశ్న వేరే. అంతా కలిపి పన్నెండు అధ్యాయాలున్నాయి. ఎక్కణ్ణుంచి దిద్దాలి? మొదటి అధ్యాయం మళ్ళీ మళ్ళీ రాసి రాసి నాకే మొహం మొత్తింది.

ఎర్రపెన్ను:

అందరూ చేసే పనే అది. మొదటి అధ్యాయం అద్దంలా మెరుస్తుంటుంది, ఎనిమిదోది అచ్చుతప్పులతో అలాగే పడుంటుంది. ఫైల్ తెరవగానే కనిపించేది మొదటి పేజీ కదా, చెయ్యి అక్కడికే పోతుంది.

ముందు వాక్యాల జోలికి పోకండి. ఒక కాగితం మీద పన్నెండు గీతలు గీసి, ఒక్కో అధ్యాయానికి ఒక్క లైను రాయండి: ఇక్కడ ఆ పిల్లకు ఏం కావాలి, ఏం దాస్తోంది, ఎవరికి ఎంత తెలుసు. రెండు అధ్యాయాలకు ఒకే జవాబు వస్తే ఒకటి ఎగిరిపోవాలి, లేదా రెండూ కలిసిపోవాలి. దాచడానికి ఏమీ లేని అధ్యాయం ఉంటే అక్కడ ఎవరో పెద్దవాళ్ళు ఉపన్యాసం ఇస్తూ ఉంటారు, వెళ్ళి చూడండి. పిల్లల నవలల్లో నాకు తరచుగా కనిపించే పెద్ద లోటు ఇంకొకటుంది. చిక్కు పిల్లది, దాన్ని విప్పేది మాత్రం టీచరో, మామయ్యో, పోలీసో. అమ్మకు నిజం చెప్పే పని మీ పిల్లే చెయ్యాలి. సేటు కనిపెట్టి చెప్పేస్తే కథ అక్కడే చచ్చిపోతుంది.

ఈ లెక్క తేలాక సీన్లు. సీన్లు కుదిరాక అప్పుడు వాక్యం. వాక్యాల దగ్గర నేను వెతికేవి ఇవి: "అనిపించింది", "అనుకుంది", "ఎంతో", "చాలా", "చిన్ని", "చిట్టి", వరసగా మూడు ఆశ్చర్యార్థకాలు. "రజితకు భయం వేసింది" అని ఉంటే కొట్టేసి, ఆ క్షణంలో ఆమె దేనివైపు చూసిందో రాయండి. అన్నిచోట్లా ఇది కుదరదు. ఒక్కోసారి "భయం వేసింది" అంటేనే బాగుంటుంది. నలభై చోట్ల ఉంటే మాత్రం ఆ మాటకు పదును పోతుంది.

యాసలో రాస్తున్నారు కాబట్టి పక్కన ఒక పేజీ పెట్టుకోండి. "చేస్తది" అని రాస్తారా, "చేస్తాది" అనా? "అన్నడు", "అన్నాడు" రెండూ వస్తాయా? కథ చెప్పే పిల్ల ఒకలా, మాట్లాడే పిల్ల ఒకలా ఉంటుందా? మొదట్లోనే తేల్చుకుని రాసిపెట్టుకోండి. లేకపోతే ప్రూఫులు దిద్దేవారు మీ యాసంతా అచ్చుతప్పులనుకుని "సరిచేసి" పెడతారు. ఇది నా కళ్ళముందే జరిగింది.

డల్లాస్_నాన్న:

ఫోన్‌లో రికార్డు చేసుకుని మర్నాడు వంట చేస్తూ వినడం నాకు బాగా పనికొచ్చింది. నేను రాసేవి పాపకు చెప్పే చిన్న కథలే అనుకోండి. ఎక్కడ ఊపిరి అందలేదో చెవికి తెలిసిపోతుంది.

తునికాకు:

రెండు వారాలు కనబడలేదు, క్షమించాలి. పన్నెండు గీతలు గీశాను, అందులో మూడు అధ్యాయాలు ఎగిరిపోయాయి. అమ్మ రజిత అయింది, పిల్ల అక్షిత అయింది. కార్ఖానా దగ్గర మొదలుపెట్టాను. మొదటి పేజీలోంచి కొంచెం:

"సేటు కట్ట విప్పిండు. ఒక బీడీ తీసి రెండు వేళ్ళ నడుమ ఒత్తిండు. పక్కకు ఏసిండు. ఇంకోటి ఒత్తిండు. అదిగూడ పక్కకే.

'ఏంది రజితా, చేతులు తిరుగుతలేవా?' అన్నడు.

అమ్మ ఏం మాట్లాడలె. కట్ట దిక్కు చూసింది. తన వేళ్ళ దిక్కు చూసుకుంది.

నేను గోడకున్న క్యాలెండర్ చదువుడు మొదలువెట్టిన. ఆదివారం. సోమవారం. మంగళవారం. శనివారం దాకా వచ్చిన. సేటు ఇంక ఒత్తుతనే ఉన్నడు. మళ్ళ ఆదివారం కాడికి పోయిన."

సీమరేగు:

అక్కా! ఆ క్యాలెండర్!

ఎర్రపెన్ను:

ఇప్పుడు వాకిట్లో ఆ పెద్దమనిషి లేడు. ఒక్క చోటు చూసుకోండి. "తన వేళ్ళ దిక్కు చూసుకుంది" దగ్గర అమ్మ తన చేతుల్నే అనుమానిస్తోంది. పిల్ల అది గమనించింది, అయినా నోరు విప్పలేదు. తర్వాతి అధ్యాయాల్లో ఇది ఆమెను కుదురుగా ఉండనివ్వకూడదు. మీరు మర్చిపోయి సైకిల్ వైపు వెళ్ళిపోతే ఊరుకోను.

డల్లాస్_నాన్న:

పాపకు చదివాను. "ఆ బీడీలు తనే చేసిందా?" అంది. ఈ పేరాలో ఆ సంగతి ఎక్కడా లేదు కదండీ! ఎలా తెలిసిందంటే, "తను క్యాలెండర్ చదువుతోంది కదా" అంది. తర్వాతి పేజీ ఎప్పుడని అడుగుతోంది.

కృష్ణాతీరం:

బాగుంది. బీడీల విషయంలో నా అభిప్రాయం మారలేదు, అయినా బాగుంది.

పాతబడి_పంతులు:

తునికాకు గారూ, మొదటి అధ్యాయం పంపితే శనివారం లైబ్రరీ పీరియడ్‌లో చదువుతాను, సోమవారం తిరిగి చెప్పిస్తాను. పిల్ల పేరు మాత్రం అప్పటికి ఇంకోటి ఏదైనా పెట్టండి. మా క్లాసులో ముగ్గురు అక్షితలున్నారు, బీడీలు చుట్టింది ఎవరో తేలేదాకా కథ ముందుకు సాగనివ్వరు.